పాత ఫర్నిచర్‌కి పాతబడిన రంగు: ఏ చెక్కకి ఏ పద్ధతి

పాత చెక్క సామానుకి రంగు వేసి, అంచుల దగ్గర అరిగిపోయినట్టు కనిపించేలా చేయడం మీద ఇప్పుడు చాలామందికి మోజు. ఫోటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి. తెలుపో లేత నీలమో పైరంగు, అక్కడక్కడా తొంగిచూసే చెక్క. కానీ ఆ రూపం తెప్పించే దారులు నాలుగైదున్నాయి. వాటి శ్రమ వేరు, ఖర్చు వేరు, మన్నిక అసలే వేరు. ఇంగ్లండు చలిలో ఏళ్ల తరబడి బాగుండే పూత మన మే నెలలో మెత్తబడి దుమ్ము పట్టుకోవచ్చు.

చాలామంది ముందు రంగు డబ్బా కొంటారు, తర్వాత సామాను వైపు చూస్తారు. నా సలహా దానికి ఎదురు. ఆ సామాను మీద ఇప్పుడేముంది, రేపు దాన్ని ఎవరు ఎలా వాడతారు అన్న రెండు ప్రశ్నలకి జవాబు తెలిస్తే పద్ధతి దాదాపు దానంతటదే తేలుతుంది.

అసలు రంగు వెయ్యాలా?

వెయ్యకపోవడం కూడా ఒక ఎంపికే, దాన్ని మొదటే చూడాలి. మంచి టేకు, జిట్రేగి సామాను చెక్కుచెదరకుండా ఉండి, పైన పాలిష్ మాత్రమే మాసిపోయి ఉంటే దాన్ని రంగుతో కప్పకండి. శుభ్రం చేసి లక్క పాలిష్ పట్టిస్తే చాలు. టేకు నారలో సన్నటి రంధ్రాలుంటాయి. రంగు ఒకసారి వాటిలోకి దిగితే తర్వాత ఎంత గీకినా తెల్ల గీతలు మిగిలిపోతాయి. మనసు మారితే వెనక్కి రావడం కష్టం. ఇంట్లో పట్టుబట్టి వెయ్యాల్సిందే అంటే, కనీసం కింద రెండు కోట్లు లక్క పాలిష్ వేయించి దాని మీద రంగు వెయ్యండి. రేపు తీసేయాలనుకున్నప్పుడు రంగు రంధ్రాల్లో కాకుండా లక్క మీద ఉంటుంది.

రంగుకి సరిగ్గా సరిపోయేవి వేరే ఉన్నాయి. వేప, మామిడి చెక్కతో చేసినవి, ఒక కాలు ఒక చెక్క మరో కాలు మరో చెక్కగా మరమ్మతులు జరిగినవి, వెనక పలక ఊడిపోతే ప్లైవుడ్ కొట్టినవి. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ లాంటి చోట్ల చవగ్గా దొరికే కుర్చీలు, టీపాయ్‌లలో ఎక్కువ భాగం ఈ కోవలోవే. వీటికి రంగు మేలే చేస్తుంది.

ఇక మూడో రకం ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. పల్లెల్లో భోషాణాలు, తలుపులు, పెట్టెలకి పండగకో పెళ్లికో ఒక ఎనామెల్ కోటు వేస్తూ పోయారు. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, ఆ కింద ఎర్ర రంగు. అలాంటి భోషాణం మీకుంటే కొత్త రంగు కొనక్కర్లేదు. మీరు డబ్బు పెట్టి తెచ్చుకోవాలనుకునే రూపం దాని మీద ముందే ఉంది. పెచ్చులు లేచిన చోట మాత్రం తీసి, అంచుల్లో కింది రంగులు బయటపడేలా కాస్త రుద్ది, పైన మెరుపులేని పూత వేస్తే సరిపోతుంది. చేత్తో చేసిన ఏ నకలూ దీనికి సాటి రాదు.

అయితే ఇక్కడే అసలు ప్రమాదం కూడా ఉంది. మన దేశంలో ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం బాగా ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దితే ఆ ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది, పిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతుంది. అందుకని పాత ఎనామెల్‌ని వాటర్ పేపర్‌తో, అంటే తడిపి వాడే గరుకు కాగితంతో, నీళ్లు చల్లుకుంటూ, ఆరుబయట, మంచి మాస్క్ పెట్టుకుని రుద్దాలి. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, వచ్చిన చెత్తని దాంతోనే చుట్టేయాలి. హాట్ గన్‌తో కాల్చి తీయడం వద్దే వద్దు. పాత ఉయ్యాలకో, చిన్నపిల్లల కుర్చీకో ఈ పాత రంగు బయటికి కనిపించేలా వదిలే ఆలోచన మానుకోండి.

పైన ఏముందో తెలుసుకోవడం

వెనక వైపో కింది వైపో కనిపించని చోట చూసుకుని దూదితో కొంచెం స్పిరిట్ రాయండి. నిమిషంలో జిగటగా మారి దూదికి గోధుమ రంగు అంటితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కి కదలక థిన్నర్‌కి కరిగితే లాకర్, అంటే థిన్నర్‌తో కలిపి వేసే పూత. కరగకుండా ముడతలు పడితే ఎనామెల్. దేనికీ చలించకపోతే పీయూ (పాలియురెథేన్) పూత అయినా అయ్యుండాలి, సన్‌మైకా అయినా అయ్యుండాలి. నీటి చుక్క వేస్తే ఇంకిపోతే అది వట్టి చెక్క.

దీనికంటే ముఖ్యమైంది జిడ్డు. మన ఇళ్లలో మంచం తలవైపు పలక, కుర్చీ వీపు భాగం ఏళ్ల తరబడి తలనూనె తాగి ఉంటాయి. పూజ గదిలోని పీటలు, మందిరాలు దీపం నూనె, అగరుబత్తి మసి పట్టి ఉంటాయి. కంటికి శుభ్రంగానే కనిపిస్తాయి, రంగు వేశాక మాత్రం అక్కడక్కడా గుండ్రంగా విడిపోతుంది, లేదా నెల తిరక్కుండా పెచ్చుగా లేస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో చాకలి సోడా కలిపి కడిగి, మంచినీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాక థిన్నర్ గుడ్డతో మరోసారి తుడవండి. టేకుకైతే ఈ థిన్నర్ తుడుపు తప్పనిసరి. దాని ఒంట్లో ఉన్న నూనె వల్ల కొత్త రంగు సరిగా అంటుకోదు, ఎనామెలైతే ఆరడమే ఆలస్యమవుతుంది.

మరొకటి మరకలు. టేకు, నల్లమద్ది, జిట్రేగి లాంటి ముదురు చెక్కల మీద నీటితో కలిపే తెల్ల రంగు వేస్తే, ఒకటి రెండు రోజుల్లో పసుపు గానీ గులాబీ గానీ మచ్చలు పైకి ఊరతాయి. ఎన్ని కోట్లు వేసినా ఊరుతూనే ఉంటాయి. పూజ పీట మీది పసుపు, కుంకుమ మరకలూ అంతే. దీనికి మందు లక్క. లీటరు స్పిరిట్‌లో సుమారు పావుకిలో లక్క రేకులు రాత్రంతా నానబెట్టి, వడకట్టి, పల్చగా రెండు కోట్లు వెయ్యండి. మైనం తీసిన లక్క దొరికితే ఇంకా మంచిది, పై రంగు బాగా పట్టుకుంటుంది. స్పిరిట్ ఆవిరి నిప్పంటుకునే సరుకు కాబట్టి గ్యాస్ పొయ్యికీ దీపానికీ దూరంగా కలపాలి.

చెక్కలోంచి పిండి రాలుతుంటే పుచ్చు పురుగు ఇంకా బతికే ఉన్నట్టు. ముందు దానికి మందు వేయించండి. నూనె తరహా మందైతే అది పూర్తిగా ఆరేదాకా రంగు జోలికి పోవద్దు. చిల్లులు, చీలికలు పూడ్చడానికి కొండపల్లి బొమ్మలవాళ్ల దారి బాగుంటుంది. వాళ్లు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి మక్కు చేసుకుంటారు. మనం చింతగింజల బదులు ఫెవికాల్ వాడుకోవచ్చు. ఎలాగూ పాతగా కనిపించాలి కాబట్టి చిన్న చిన్న సొట్టలని అలా వదిలేయండి.

చాక్ పెయింట్

కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. 1990లో ఇంగ్లండులో యానీ స్లోన్ అనే ఆవిడ తెచ్చిన రంగు ఇది, ఆ పేరు ఆవిడ ట్రేడ్‌మార్క్. తర్వాత అదే తరహాలో చాలా కంపెనీలు చేశాయి. దీని గొప్పతనం రెండు విషయాల్లో ఉంది. పాత పాలిష్ మీద పెద్దగా రుద్దకుండానే అంటుకుంటుంది. ఆరాక సుద్దలా మెరుపు లేకుండా ఉంటుంది, గరుకు కాగితంతో రుద్దితే మెత్తటి పొడిగా రాలుతుంది.

ఈ రెండోది ఎందుకు ముఖ్యమో చెప్పాలి. గోడలకి వేసే మామూలు ఎమల్షన్‌ని రుద్దితే అది పొడిగా రాలదు. రబ్బరులా సాగి ఉండలు కడుతుంది, అంచు చిరిగినట్టు కనిపిస్తుంది. అరిగిన రూపం కావాలంటే రంగు కాస్త పెళుసుగా ఉండాలి. ఎమల్షన్‌లో సుద్దపొడి కలిపితే వచ్చే మార్పు అదే. జిగురు పాలు తగ్గి పొడి పాలు పెరుగుతుంది, మెరుపు పోతుంది, రుద్దుడుకి లొంగుతుంది.

అందుకే ఇంట్లో కలుపుకోవడం కూడా సాధ్యమే. మెరుపులేని ఎమల్షన్ మూడు వంతులు, సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్, ఒక వంతు. సుద్దని ముందు కాసిని నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, ఆ ముద్దని రంగులో వెయ్యాలి. దోసెల పిండి జారుగా ఉన్నట్టుండాలి. సుద్ద బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వేసే పద్ధతి ఎక్కువ ప్రచారంలో ఉంది, కానీ అది డబ్బాలోనే గట్టిపడటం మొదలుపెడుతుంది, గంటలోపే వాడేయాలి. నిదానంగా పనిచేసేవాళ్లకి సుద్దే మంచిది.

కొన్న చాక్ పెయింటా, ఇంటిదా? ఒక చిన్న స్టూలు, ఫోటో ఫ్రేము అయితే కొన్నదే తీసుకోండి, శ్రమ తప్పుతుంది. పెద్ద బీరువా, మంచం అయితే దిగుమతి సరుకు ఖర్చు తడిసి మోపెడవుతుంది, ఇంట్లో కలుపుకోండి. ఇంట్లో కలిపినది నున్నటి పాలిష్ మీద కొన్నదంత గట్టిగా అంటుకోదని మాత్రం గుర్తుంచుకోవాలి. ముందు 180 నంబరు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాల్సిందే.

రెండు పల్చటి కోట్లు, మధ్యలో కనీసం రెండు మూడు గంటలు. ఆరాక 220 కాగితంతో అంచుల్లో రుద్దాలి. మే ఎండలో వేస్తే కుంచె నడుస్తుండగానే ఆరిపోయి గీతలు పడతాయి. పొద్దున్నే వెయ్యండి, రంగులో కొంచెం నీళ్లు పోసుకోండి. వానాకాలంలో కాకినాడ, విశాఖ వైపు ఇంకో ఇబ్బంది. పైకి ఆరినట్టుంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. సొరుగులు మూసేస్తే అతుక్కుపోతాయి. వారం పాటు తెరిచే ఉంచాలి.

మిల్క్ పెయింట్

చాక్ పెయింట్‌కీ దీనికీ చూపులో పోలిక ఉంది, స్వభావంలో లేదు. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్, సున్నం, మట్టి రంగులు, ఇంతే ఇందులో ఉండేవి. విదేశాల్లో పొడిగా అమ్ముతారు, నీళ్లు కలుపుకుని వాడటమే. మనకి ఇంట్లో చేసుకోవడం కష్టం కాదు. వెన్న తీసిన పాలు లీటరు తీసుకుని నిమ్మరసంతో విరగ్గొట్టి, ఆ ముద్దని గుడ్డలో వడకట్టి, పులుపు పోయేదాకా నీళ్లతో కడగాలి. సుమారు 30 గ్రాముల మెత్తటి పొడి సున్నాన్ని నీళ్లలో కలిపి ఆ ముద్దలో వేసి మిక్సీ పట్టి, రంగు కలిపి, వడకట్టుకుంటే అయిపోయింది. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, చేతులకి తొడుగులు వేసుకోండి. ఆ మిక్సీ జారు మళ్లీ వంటకి వాడొద్దు. చేసిన రంగు ఒకటి రెండు రోజుల్లో పాడైపోతుంది, కాబట్టి పనికి సరిపడా మాత్రమే చేసుకోవాలి.

రంగులు ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం, ఎందుకంటే సున్నం అన్ని రంగుల్నీ బతకనివ్వదు. పసుపు కలిపితే ఎర్రబడుతుంది, మనం పారాణి చేసుకునేది అలాగే కదా. పైగా ఆ రంగు ఎండకి వెలిసిపోతుంది. గచ్చుల్లో కలిపే రెడ్ ఆక్సైడ్, ఎల్లో ఆక్సైడ్ సున్నంలో నిలుస్తాయి. నీలానికి అల్ట్రామెరీన్ పొడి మంచిది. బట్టలకి వేసే నీలిద్రావకాలు వద్దు.

ఇది వట్టి చెక్క మీద వేస్తే చెక్కలోకి ఇంకి, ఎన్నేళ్లైనా లేవదు. నీటి మరకలా లోపలి నార కనిపిస్తూనే ఉంటుంది, అందం అక్కడే. అదే పాలిష్ మీద వేస్తే తనకి నచ్చిన చోట పట్టుకుంటుంది, నచ్చని చోట పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చులు నిజంగా పాతవాటిలాగే ఉంటాయి, ఏ గరుకు కాగితమూ అలా చేయలేదు. కానీ ఎక్కడ ఊడుతుందో మీ చేతుల్లో ఉండదు. టెన్షన్ పడేవాళ్లకి ఇది పనికిరాదు. ఊడింది ఊడగా మిగిలిందే అందం అనుకోగలిగితే దీన్ని మించింది లేదు. ఒక్క లోపం ఉంది. తేమ ఎక్కువగా ఉండే ఊళ్లలో, గాలి ఆడని గదుల్లో దీని మీద బూజు పట్టొచ్చు. తీరప్రాంతంలో పాల రంగు వేసిన బీరువాని గోడకి ఆనించి పెట్టకండి.

మైనం ముక్క, రెండు రంగులు

అన్నిటికంటే చవక ఇదే. మొదట ఒక రంగు వేసి ఆరనివ్వండి. తర్వాత అరిగినట్టు కనిపించాల్సిన చోట్ల కొవ్వొత్తితో గట్టిగా రుద్దండి. పైన రెండో రంగు వేసి, ఆరాక ఆ చోట్ల గీకితే మైనం మీది రంగు ఇట్టే ఊడి కింది రంగు బయటపడుతుంది. పల్లె భోషాణం మీది పొరల రూపాన్ని కొత్త సామాను మీద తెప్పించాలంటే ఇదే దారి. ఎర్రమన్ను రంగు మీద ముదురు నీలం, లేదా నీలం మీద పాత ఆకుపచ్చ వేసి చూడండి. పాత ఇళ్ల తలుపుల మీద మనం చూసిన రంగులవే. తెల్ల రంగు మాత్రమే వెయ్యాలన్న నియమం ఎక్కడా లేదు, ఆ అలవాటు ఫోటోల నుంచి వచ్చింది.

గీకాక మిగిలిన మైనాన్ని టర్పెంటైన్ గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. లేకపోతే పైన వేసే పూత అక్కడ పట్టదు.

దీన్నే ఎనామెల్‌తో చెయ్యొచ్చా అని అడుగుతారు. చెయ్యొచ్చు, గట్టిగానూ ఉంటుంది. కాకపోతే వాసన వారం పోదు, ఒక్కో కోటుకీ రాత్రంతా ఆగాలి, తొందరపడి రుద్దితే కాగితానికి జిగురులా అంటుకుపోతుంది. తెల్ల ఎనామెల్ వెలుతురు తగలని చోట పసుపు తిరుగుతుంది. అది కూడా పాతదనమే అనుకుంటే మీ ఇష్టం. స్టీలు, ఇనుప సామానుకి మాత్రం ఎనామెలే వాడాలి, కింద మెటల్ ప్రైమర్ వేసి. నీటి రంగు నేరుగా ఇనుము మీద వేస్తే తుప్పు మచ్చలు పైకి వస్తాయి.

పగుళ్ల పూత

పై రంగు ఎండిన చెరువులా బీటలు వారి, కింది రంగు సన్నగా కనిపించే పద్ధతి ఇది. ఆరిన కింది రంగు మీద ఫెవికాల్‌ని కొంచెం నీళ్లతో పల్చన చేసి రాసి, అది ఇంకా చేతికి అంటుకుంటున్నప్పుడే పైన నీటి రంగు ఒక్కసారి కుంచె లాగి వదలాలి. పై రంగు త్వరగా ఆరి బిగుసుకుంటుంది, కింది జిగురు ఇంకా కదులుతూ ఉంటుంది, అందుకే పగుళ్లు. జిగురు మందంగా ఉంటే పెద్ద బీటలు, పల్చగా ఉంటే సన్నవి. మళ్లీ కుంచె పెట్టారా, పగుళ్లన్నీ కలిసిపోయి ముద్దవుతుంది. ఎనామెల్‌తో ఇది రాదు.

నా అభిప్రాయం అడిగితే ఒక ఫ్రేముకో, చిన్న పెట్టె మూతకో వాడుకోండి, అంతకు మించి వద్దు. మొత్తం బీరువాకి ఈ పగుళ్లు వేస్తే నాటకం తెరలా కనిపిస్తుంది. నిజంగా పాతబడిన సామానులో రంగు అంతటా ఒకేలా పగలదు. పైగా జిగురు పొర నీటికి మెత్తబడుతుంది, తడిగుడ్డతో తుడిచే వస్తువుకి అసలు పనికిరాదు.

మట్టి రంగు తుడుపు

నగిషీ ఉన్న సామాను మీ దగ్గరుంటే మిగతావన్నీ పక్కన పెట్టి దీన్ని చూడండి. పందిరి మంచం కోళ్లు, చెక్కిన పువ్వులున్న అద్దం చట్రం, గుండ్రటి కాళ్ల టీపాయ్ లాంటివి. లేత రంగు వేసి, పైన ఒక పల్చటి మెరుపులేని పూత వేసి ఆరనిచ్చి, ముదురు గోధుమ రంగుని బాగా పల్చన చేసి అంతటా రాసి, వెంటనే మెత్తటి గుడ్డతో తుడిచేయాలి. పైకి ఉన్న భాగాల మీద పోతుంది, లోతుల్లో నిలుస్తుంది. ఎన్నో ఏళ్ల దుమ్ము పట్టినట్టు చెక్కుడు పనంతా తేలుతుంది. గరుకు కాగితంతో నగిషీని రుద్దితే పువ్వుల ముక్కులు అరిగిపోతాయి, ఇందులో ఆ భయం లేదు. కింద ఆ పల్చటి పూత లేకుండా వేస్తే మాత్రం చాక్ రంగు గోధుమని పీల్చేసుకుని మచ్చలు మచ్చలుగా మిగులుతుంది.

ఎండలో ఈ తుడుపు క్షణాల్లో ఆరిపోతుంది, కాబట్టి ఒక్కో కోడు, ఒక్కో పలక చొప్పున చేసుకుంటూ పోవాలి. నున్నటి పలకల మీద దీన్ని వాడితే మురికిగా ఉన్నట్టే ఉంటుంది, పాతగా అనిపించదు.

పైపూత దగ్గరే అసలు తేడా

విదేశీ వీడియోలన్నీ చాక్ పెయింట్ మీద మైనం రాయమంటాయి. చూడటానికి, ముట్టుకోవడానికి దాన్ని మించింది లేదు, నిజమే. కానీ తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దానికి చాలా ముందే మెత్తబడుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో పడమటి కిటికీ పక్కన పెట్టిన బల్ల మీద ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. వేడి కాఫీ గ్లాసు పెడితే గుండ్రటి మచ్చ ఖాయం. కార్నౌబా మైనం కలిసినవి కాస్త నయం, దాని కరుగు స్థానం 80 డిగ్రీల పైనే. అద్దం చట్రం, అలంకారానికి పెట్టే పెట్టె, ఎవరూ ముట్టుకోని షెల్ఫ్ అయితే మైనం రాసుకోండి. ఏడాదికోసారి మళ్లీ రాయాలి.

రోజూ వాడే దేనికైనా నీటితో కలిపే మ్యాట్ పీయూ వెయ్యండి. రెండు పల్చటి కోట్లు, బల్ల పైభాగానికి మూడు. నీటి పీయూ తెల్ల రంగుని పసుపు చేయదు, నూనె వార్నిష్ చేస్తుంది. ముదురు నీలం, ఆకుపచ్చలకైతే ఆ పసుపు జీర అందమే కాబట్టి నూనె వార్నిష్ వేసినా తప్పులేదు. లాకర్‌ని కుంచెతో ఎమల్షన్ మీద వెయ్యకండి, అందులోని థిన్నర్ కింది రంగుని కదిపేస్తుంది. ఇంకొకటి, మైనం ఎప్పుడూ ఆఖర్నే. మైనం రాశాక దాని మీద ఏ పూతా నిలవదు, మొత్తం టర్పెంటైన్‌తో కడిగి తీసేస్తే తప్ప.

అయితే ఏది ఎంచుకోవాలి

భోజనాల బల్ల, పిల్లల చదువుల బల్ల అయితే చాక్ పెయింట్, పైన మూడు కోట్ల పీయూ. పైభాగం మీద అరుగుడు చూపించొద్దు, కాళ్లకీ అంచులకీ సరిపెట్టండి. ఇంకా మంచి మాట చెప్పాలంటే పైపలకని చెక్కగానే పాలిష్ చేసి, కాళ్లకి మాత్రం రంగు వెయ్యండి. చూడటానికీ బాగుంటుంది, సాంబారు ఒలికినా భయం ఉండదు.

తాతల నాటి పందిరి మంచం టేకుదై పాలిష్ బాగుంటే ముట్టుకోవద్దు. ఎప్పుడో ఎవరో ఎనామెల్ వేసేసి ఉంటే లేత రంగు, మట్టి రంగు తుడుపు. రంగు లేచిపోయి వట్టి చెక్క బయటపడిన వేప పెట్టె, మామిడి చెక్క బెంచీ అయితే మిల్క్ పెయింట్. కొత్త ప్లైవుడ్ షెల్ఫ్‌ని పాతదానిలా చేయాలంటే మైనం ముక్క పద్ధతి, ఎందుకంటే దాన్ని రుద్దితే బయటపడేది ప్లైవుడ్ పొరలే, చెక్క కాదు. కింద ముదురు రంగు ఉంటే ఆ గుట్టు దాగుతుంది. సన్‌మైకా అతికించిన సామానుకి ఇవేవీ సులువుగా పట్టవు. బాగా గరుకుగా రుద్ది, నున్నటి వాటి మీద కూడా గట్టిగా పట్టుకునే ప్రైమర్ వేసి, రెండు రంగులతో పని చేసుకోవచ్చు గానీ అరుగుడు మాత్రం ప్రైమర్ దాకా పోనివ్వకండి.

ఏ పద్ధతైనా అరుగుడు ఎక్కడ చూపించాలన్నది ఒక్కటే సూత్రం మీద నడుస్తుంది. నిజంగా వాడితే ఎక్కడ అరుగుతుందో అక్కడ. కుర్చీ చేతుల చివర్లు, కాళ్లు ఆనించే ముందు కడ్డీ, సొరుగు పిడి చుట్టూ, మంచం మీద మనం కూర్చునే అంచు. మన ఇళ్లలో ఇంకో చోటుంది, విదేశీ ఫోటోల్లో కనిపించదు. కాళ్ల అడుగున రెండు మూడు అంగుళాలు, రోజూ తడిగుడ్డ తగిలే చోటు. అక్కడ కాస్త రంగు పోగొడితే సామాను మన ఇంట్లోనే పాతబడినట్టు ఉంటుంది. పలక నడిమధ్యలో గుండ్రంగా గీకితే ఎవరో పాడుచేసినట్టే ఉంటుంది. ఒకసారి రుద్ది, పది అడుగులు వెనక్కి వెళ్లి చూసి, చాలదనిపిస్తేనే మళ్లీ రుద్దండి.

సొంతంగా చేసే తీరిక లేక పెయింటర్‌కి అప్పగిస్తే ఒక ఇబ్బంది వస్తుంది. మంచి పనివాడు సొట్ట కనిపిస్తే లప్పం పెట్టకుండా ఉండలేడు, గీత కనిపిస్తే మరో కోటు వెయ్యకుండా ఉండలేడు. సాయంత్రం మీరొచ్చేసరికి బీరువా కొత్తదానిలా మెరుస్తుంటుంది. అందుకని ముందే ఒక చెక్క ముక్క మీద మీకు కావాల్సిన రూపాన్ని మీరే చేసి చూపించండి. లప్పం వద్దని, మెరుపు వద్దని విడిగా చెప్పండి. అరగదీసే పని మాత్రం మీ చేత్తో మీరే చేసుకోండి. కూలి అడుగుల లెక్కన కాకుండా రోజు లెక్కన మాట్లాడుకుంటే అతనికీ తొందర ఉండదు.